కట్టెలు పోతున్నాయి, నీళ్లు కాగట్లేదు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. గ్యాసు ఉన్నది గానీ స్నానాల నీళ్లు, బర్రెల కుడితి, చుట్టాలొస్తే పెద్ద వంట అన్నీ వెనక రేకుల వంటసాలలో కట్టెల పొయ్యి మీదనే. నాలుగేండ్ల కింద సుతారి మేస్త్రిని పిలిచి మట్టితోటి కట్టించినం. ముందొక పొయ్యి, దాని వెనక ఇంకో పొయ్యి, ఆ వెనక నాలుగించుల పొగ గొట్టం. మొదట్ల పది లీటర్ల కాగు ముప్పావుగంటల మసిలేది, వెనక పొయ్యి మీద ఎసరు కూడా మరిగేది. ఇప్పుడు ముందు కాగుకే గంటంబావు పడుతున్నది. వెనకది గోరువెచ్చగైతే గొప్ప. కట్టెలు రెట్టింపు పోతున్నయి. పొద్దుగాల అంటుపెడితే ఇల్లంత పొగ, మధ్యాహ్నం అంత ఉండది. దసరాకు ముందు పొయ్యి లోపల శుభ్రం చేసినం. వెనక పొయ్యి కింద కూలిపడ్డ మట్టిగడ్డ ఒకటి ఉంటే తీసేసి, పెండతోటి మంచిగ అలికినం. కింద సలాకల జాలి వంగిపోతే రెండేండ్ల కిందనే తీసిపారేసినం. పోయినేడు కట్టె అయిపోయింది. ఇప్పుడు వానకాలంల కొట్టించిన తుమ్మ, పత్తికట్టె కలిపి పెడుతున్నం. కాగు కూడా కొత్తది, అడుగు సాపుగ ఉంటది. మా అత్తమ్మ పొయ్యి కూలగొట్టి మళ్ల కట్టియ్యాలంటది. మా ఆయన గొట్టం పొడుగు పెంచుదామంటడు, లేకుంటే ఊదే ఫ్యాను పెడదామంటడు. ఏది చెయ్యాలె?

సమాధానం: మూడింటిలో ఏదీ వద్దు. మీ అత్తమ్మగారికి చెప్పండి, పొయ్యి బాగానే ఉంది, దాని లోపలి భాగం ఒకటి బయటికి పోయింది, అంతే.

దసరాకు ముందు మీరు తీసేసిన ఆ మట్టిగడ్డ కూలిపడింది కాకపోవచ్చు. మేస్త్రి కావాలని కట్టిన దిమ్మె అయ్యుంటుంది. గొట్టం ఉన్న జంట పొయ్యిలో మంట ముందు పొయ్యి కింద పుట్టి, మధ్యలో ఉన్న సొరంగం గుండా వెనక పొయ్యి కిందికి పోయి, అక్కడి నుంచి గొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టం ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. వేడి గాలికి గిన్నె అడుగును తాకి పోవాలన్న పట్టింపేమీ ఉండదు, దగ్గరి దారి దొరికితే ఆ దారినే పోతుంది. దిమ్మె లేకపోతే సొరంగం నేల వెంబడి తిన్నగా గొట్టంలోకి జారిపోతుంది, వెనక గిన్నెకు దాని సెగ మాత్రమే తగులుతుంది. దిమ్మె ఉంటే ఆ వేడి పైకి లేచి, గిన్నె అడుగును రాసుకుంటూ పోక తప్పదు. వెనక ఎసరు మరగడం మానేసి గోరువెచ్చగా మిగిలిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఒకసారి ఖాయం చేసుకోండి. పొయ్యి పూర్తిగా చల్లారాక వెనక గిన్నె తీసి, టార్చి వేసి లోపల చూడండి. దిమ్మె ఉన్న చోట నేల మీద గుండ్రటి మచ్చ, విరిగిన అంచు, అలుకు కింద గరుకుతనం కనిపిస్తాయి. గడ్డ నిజంగానే పైనుంచి ఊడిపడి ఉంటే సొరంగం కప్పు మీదో పక్క గోడ మీదో గుంట ఉంటుంది, అప్పుడు ఆ గుంటను పూడ్చాలి. ఇంకో గుర్తు కాలం. దసరా తర్వాత ఒక్కసారిగా వేడి తగ్గిందా, అంతకు ముందు నుంచే మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందా అని ఇంట్లో అడగండి. ఒక్కసారిగా అయితే దిమ్మెదే తప్పు. మెల్లగా అయితే మసి, జాలి కూడా కలిశాయి. మీ ఉత్తరం చూస్తే రెండూ నిజమే అనిపిస్తోంది.

ఇలాంటి పొయ్యిలకు ఈ జబ్బు కొత్త కాదు. 1980లలో మొదలై 2002 దాకా నడిచిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం కింద దేశమంతా గొట్టం పొయ్యిలు కట్టారు. కట్టడం మీద ఉన్న శ్రద్ధ ఆ తర్వాత వాటిని కాపాడుకోవడం నేర్పడం మీద లేకపోయింది, చాలా పొయ్యిలు కొద్ది ఏళ్లకే మూలనపడ్డాయి. కట్టిన మేస్త్రి దిమ్మె గురించి ఒక మాట చెప్పి వెళ్తే మీకీ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

దిమ్మెను మళ్లీ కట్టడం ఇలా. సగం ఇటుక ముక్కను వెనక పొయ్యి గుంట మధ్యలో, సొరంగం నోటికి ఎదురుగా, గట్టి మట్టి మీద కూర్చోబెట్టండి. దాని చుట్టూ మట్టి మెత్తి, బోర్లించిన గిన్నెలా చేయండి. ముందు వైపు, అంటే మంట వచ్చే వైపు, ఏటవాలు మెల్లగా ఉండాలి. గొట్టం వైపు కొంచెం నిటారుగా దిగాలి, గొట్టం మూతికి మాత్రం అడ్డం రాకూడదు. ఎత్తు ఎంత ఉండాలన్నది టేపుతో కొలవడం కష్టం. గిన్నె అడుగు పొయ్యి అంచు కంటే కిందికి దిగుతుంది, అదీ గిన్నెకో తీరు. అందుకని తడి మట్టి ఉండ ఒకటి నారింజకాయంత చేసి దిమ్మె మీద పెట్టి, మీరు రోజూ వాడే గిన్నెనే పైన కూర్చోబెట్టి తీసేయండి. ఉండ నలిగి బిళ్ల అవుతుంది. ఆ బిళ్ల మందం ఇంచు నుంచి ఇంచున్నర లోపు ఉంటే సరైన ఎత్తు. రెండించులు ఉంటే దిమ్మె ఇంకా లేవాలి. అర ఇంచే ఉంటే గీకి తగ్గించండి, అంత ఇరుకు దారిలో పొగ వెనక్కి తన్ని మీ ముఖం మీదికే వస్తుంది.

ముందు కాగుకు కూడా ఆలస్యం ఎందుకవుతోందని అడుగుతారు. దిమ్మె అనే అడ్డు పోయాక గొట్టం వేడెక్కిన మీదట దాని లాగుడు పెరుగుతుంది. మంట నిలువుగా లేచి ముందు కాగును నాకాల్సింది పోయి, వెనక్కి వంగి సొరంగంలోకి దూరుతుంది. పొయ్యి నోటి నుంచి అవసరానికి మించిన చల్లగాలి లోపలికి వస్తుంది, మంట చల్లబడుతుంది. బాగా మండుతున్నప్పుడు వంగి చూడండి. మంట నాలుకలు కాగు అడుగు మధ్యలో తగలకుండా వెనక్కి పారుతుంటే వేడి గొట్టంలోకి పోతున్నట్టే. అప్పుడు పొయ్యికి జానెడు పైన గొట్టానికి దగ్గరగా, ముట్టుకోకుండా, అరచేయి పెట్టండి. దిమ్మె కట్టక ముందు ఒకసారి, కట్టాక ఒకసారి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

రెండోది జాలి. అది తీసేశాక నిప్పులు నేల మీద బూడిదలో కూరుకుని మండుతున్నాయి. గాలి కింది నుంచి అందదు. దీని గుర్తు బూడిదలోనే ఉంటుంది. పొద్దున బూడిద ఎత్తేటప్పుడు గోళీకాయలంత, కొన్నిసార్లు నిమ్మకాయలంత నల్ల బొగ్గులు వస్తుంటే, మీరు కొన్న కట్టెలో కొంత కాలకుండానే బయటికి పోతోందన్నమాట. కట్టెలో ఆవిరైపోయే భాగం ముందు మంటగా కాలుతుంది, మిగిలిన బొగ్గు ఆ తర్వాత నిదానంగా కాలుతుంది. ఈ రెండో భాగానికి గాలి కిందనుంచి కావాలి.

వెల్డింగ్ దుకాణంలో పది మిల్లీమీటర్ల ఇనుప సలాకలతో మీ పొయ్యి గుంటకు సరిపడా జాలి చేయించండి. మామూలు ఇంటి పొయ్యికి ఎనిమిది ఇంచుల చదరం సరిపోతుంది. సలాకకు సలాకకు మధ్య ఒక సెంటీమీటరు సందు ఉండాలి. అంతకంటే ఎక్కువైతే నిప్పులు రాలిపోతాయి, తక్కువైతే బూడిద పట్టేసి మూసుకుంటుంది. సన్న సలాకలు ఎర్రగా కాలి ఏడాదిలోపే మధ్యలో వంగుతాయి, మీ పాత జాలికి అదే అయ్యుంటుంది. బావుల మీద, మోరీల మీద వేసే పోత ఇనుము జాలి ముక్క దొరికితే ఇంకా మంచిది, అది వంగదు. తెల్లటి జింకు పూత ఉన్న జాలి, కోళ్ల గూటికి వేసే వైరు మెష్ వద్దు. పూత మంటకు కాలి పొగ అవుతుంది, తీగ నాలుగు వారాలు కూడా నిలవదు. జాలి గట్టిగా బిగించకండి, ఇనుము వేడికి సాగుతుంది. చుట్టూ అర సెంటీమీటరు వదిలి రెండు ఇటుక ముక్కల మీద వదులుగా పెట్టండి. దాని కింద రెండున్నర, మూడు ఇంచులు ఖాళీ ఉండాలి. అందులో బూడిద ఒక ఇంచు మిగిలేటట్టు రోజూ తీస్తుండాలి.

జాలి పెట్టగానే మంట ఎత్తు మారుతుంది కాబట్టి జాలి పైనుంచి కాగు అడుగు దాకా కొలవండి. ఆరు, ఏడు ఇంచులు ఉంటే చాలు. నాలుగేళ్లుగా బూడిదతో పాటు కొంచెం కొంచెం మట్టి కూడా గీకి తీస్తుంటారు, గుంట లోతు పెరుగుతుంది, మంట కాగుకు దూరమవుతుంది. తొమ్మిది, పది ఇంచులు ఉంటే నేలను మట్టితో నింపి పైకి తేవాలి. అలాగని నాలుగు ఇంచులకు తెస్తే మంట పూర్తిగా కాలకముందే చల్లటి కాగు అడుగును తాకి ఆరిపోయి మసిగా మారుతుంది. కాగు అడుగున నల్లటి మసి మందంగా, తొందరగా పేరుకుంటుంటే ఆ కొలత ఒకసారి చూసుకోండి.

గొట్టం సంగతి. మీరు అది ఎప్పుడు శుభ్రం చేశారో రాయలేదు. రాయలేదంటే చేయలేదనే అనుకుంటున్నాం! నాలుగించుల గొట్టం లోపల చుట్టూ అర ఇంచు మసి పేరుకుంటే మధ్యలో మూడించులే మిగులుతుంది. వినడానికి చిన్న తేడా, కానీ పొగ పోయే దారి వెడల్పు లెక్కన అది దాదాపు సగానికి తగ్గినట్టు. పచ్చి కట్టె పెట్టినప్పుడు పొగలోని నీటి ఆవిరి, కాలని జిగట అన్నీ గొట్టం పై భాగంలో చల్లబడి తారులా అంటుకుంటాయి. దాని మీద మసి పట్టి గట్టిపడుతుంది. అది మండే పదార్థం. ఎప్పుడైనా పెద్ద మంట పెట్టినప్పుడు గొట్టం లోపలే అంటుకుని, రేకుల కింద వెదురు వాసాలకు, గడ్డి కప్పుకు నిప్పు తగిలే ప్రమాదం ఉంది. గొట్టం కప్పులోంచి బయటికి పోయే చోట కట్టె, గడ్డి, టార్పాలిన్ వంటివి అడుగున్నర దూరంలో ఉండాలి.

శుభ్రం చేసే రోజు పొయ్యి ముందు రోజు రాత్రి నుంచే చల్లారి ఉండాలి. పొయ్యి నోటిని, రెండు కాగుల రంధ్రాలను తడి గోనె సంచులతో మూయండి, లేకపోతే మసి వంటసాలంతా పరుచుకుంటుంది. పొడుగాటి వెదురుకు చివర కొబ్బరి పీచు చుట్టి, గొట్టానికి కొంచెం బిగువుగా ఉండేట్టు కట్టి పైనుంచి కిందికి పదిసార్లు ఆడించండి. పైకి ఎక్కే వీలు లేకపోతే కింద మసి తీసే కిటికీ నుంచి పైకి తోయండి. కిటికీ లేకపోతే గొట్టం అడుగున ఒకటి పెట్టించుకోండి, ఒక ఇటుక తీసి మట్టితో మూసే తీరుగా ఉన్నా చాలు. ముక్కుకు తడి దస్తీ కట్టుకోండి. గొట్టం ఆస్బెస్టాస్ సిమెంటుదైతే ఇంకా జాగ్రత్త కావాలి. దాన్ని ఇనుప బ్రష్షుతో గీకొద్దు, రంపంతో కోయొద్దు, పగలగొట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. తడి పీచుతో మెత్తగా తుడవండి. అది ఎప్పుడైనా పగిలితే దాని బదులు రేకు గొట్టం వేయించుకోండి.

గొట్టం పై టోపీని మర్చిపోకండి. టోపీకి, గొట్టం అంచుకు మధ్య కనీసం రెండించులు సందు ఉండాలి. అక్కడ మసి బూజులా వేలాడుతుంటుంది, కందిరీగలు మట్టి గూళ్లు కడతాయి, పిచ్చుకలు గడ్డి దూరుస్తాయి. అద్దం ముక్క కింది కిటికీలో ఏటవాలుగా పట్టి పైకి చూస్తే వెలుతురు గుండ్రంగా కనబడాలి. ఏ పక్కనైనా కొరికినట్టు ఉంటే అక్కడ అడ్డం ఉన్నట్టు. ఇక ముందు రోజూ వాడే పొయ్యికి నెలకు ఒకసారి ఈ పని పెట్టుకోండి. పచ్చి కట్టె పెట్టే రోజుల్లో పదిహేను రోజులకే.

పొద్దుటి పొగకు కారణం కొంత వేరు. రాత్రంతా చల్లారిన గొట్టంలో బరువైన చల్లగాలి నిలబడి ఉంటుంది. లాగేందుకు అక్కడ వేడి లేదు, మసి దారి కూడా ఇరుకైంది. దానికి తోడు చలికి తలుపు, కిటికీ మూసి అంటుపెడతారు. గొట్టం నుంచి బయటికి ఎంత గాలి పోవాలో అంత గాలి లోపలికి రావాలి కదా. అంటుపెట్టేటప్పుడు కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచండి. ముందుగా గొట్టం అడుగు కిటికీలోనో వెనక పొయ్యిలోనో గుప్పెడు ఎండు మక్క బెండ్లు లేదా చింపిన కాగితం వేసి ఒక నిమిషం మండించండి. గొట్టం వేడెక్కి లాగడం మొదలుపెట్టాక ముందు పొయ్యి అంటించండి. చలికాలమే ఇంకో హెచ్చరిక. నీళ్లు కాగాక నిప్పులు మిగిలాయి కదా అని గొట్టానికి అడ్డం పెట్టి, తలుపు మూసి ఆ గదిలో పడుకోవద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పొగ కనిపించదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కొత్త కాగు గురించి మీరు మాట వరసకు రాశారు గానీ అది కూడా ఒక చిల్లు. గొట్టం లేని మామూలు పొయ్యికి అంచు మీద మూడు మట్టి ముద్దలు పెడతాం, కాగును వాటి మీద నిలబెడితే మంట పక్కల నుంచి బయటికి వచ్చి కాగుకు పట్టుకుంటుంది. అక్కడ అది సరైన పద్ధతే. గొట్టం పొయ్యికి మాత్రం కాగు అంచుకు పూర్తిగా ఆని కూర్చోవాలి. లోపల లాగుడు ఉంది కాబట్టి సందు దొరికిన చోట పొగ బయటికి రాదు, బయటి చల్లగాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మంట బాగా ఉన్నప్పుడు అగరుబత్తి వెలిగించి కాగు చుట్టూ అంచు వెంబడి నిదానంగా తిప్పండి. ఎక్కడ దాని పొగ లోపలికి గుంజుకుపోతే అక్కడ సందు ఉన్నట్టు. పాత గుండ్రటి కాగుకు సరిపోయిన అంచు సాపు అడుగు కాగుకు సరిపోదు. అంచు మీద తడి మట్టి వరుస వేసి, కాగు అడుగుకు కొంచెం నూనె రాసి, ఒకసారి నొక్కి తిప్పి తీసేయండి. ఆ అచ్చు ఆరితే అదే దాని కుదురు. దసరా అలుకులో ఎవరైనా అలవాటుకొద్దీ మూడు ముద్దలు పెట్టి ఉంటే వాటిని చెక్కేయండి. మా ఊహలో పెట్టే ఉంటారు.

కాగు లోపల బోరు నీళ్లకు తెల్లటి పొర పట్టి ఉంటే చాలామంది తప్పంతా దానిదే అంటారు. దాని వాటా కొంచెమే. చింతపండు పులుసుతో ఒక గంట నానబెట్టి తోమేయండి, చాలు. అల్యూమినియం కాగులో పులుసు రాత్రంతా ఉంచొద్దు, లోహాన్ని తింటుంది. దానికన్నా కాగు మీద మూత పెట్టడం ఎక్కువ లాభం.

ఇక కట్టె. అప్పుడే కొట్టిన తుమ్మలో బరువులో సగానికి దగ్గరగా నీరే. బాగా ఎండిన కట్టెలో ఆ నీరు వందకు పదిహేను, ఇరవై పాళ్లకు దిగుతుంది. వానాకాలంలో కొట్టి, కొమ్మలుగానే నేల మీద కుప్ప పోసిన తుమ్మ ఈపాటికి పైన ఎండినట్టు కనిపించినా లోపల ఎండి ఉండదు. ఒక కిలో అలాంటి కట్టె ఇచ్చే వేడి ఒక కిలో ఎండు కట్టె ఇచ్చేదానిలో మూడింట రెండు వంతులు ఉంటే ఎక్కువ. అసలు నష్టం అంతకంటే పెద్దది. నీరు ఆవిరవుతూ మంటను చల్లారుస్తుంది, చల్లారిన మంటలో కట్టె వదిలే ఆవిర్లు కాలకుండానే తెల్లటి పొగగా వెళ్లిపోతాయి. గొట్టం మీది పొగ చూస్తే తెలిసిపోతుంది. చిక్కటి తెల్ల పొగ వస్తుంటే తడి కట్టె. నల్ల పొగ వస్తుంటే ఒక్కసారే ఎక్కువ కట్టె దూర్చారు, గాలి చాలట్లేదు. కనీకనిపించనట్టు ఉంటే మంట సరిగ్గా ఉంది.

తుమ్మ మంచి కట్టె, బరువైనది, నిప్పు నిలుస్తుంది. దాన్ని ఇప్పుడే మణికట్టు మందానికి చీల్పించి, అడుగున ఇటుకలు పెట్టి నేలకు తగలకుండా, గాలి ఆడేట్టు అడ్డదిడ్డంగా పేర్చండి. పైన మాత్రం రేకు కప్పండి, పక్కలు మూయొద్దు. ఒక ముక్కకు గుర్తు పెట్టి వారానికోసారి తూకం వేయండి. రెండు వారాలు వరుసగా బరువు తగ్గకపోతే ఎండింది. తూకం లేకపోతే రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి వినండి. ఎండు కట్టె ఠంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. చివర్లలో నక్షత్రం ఆకారంలో బీటలు రావాలి. ఏప్రిల్, మే ఎండలు మన దగ్గర కట్టెకు దొరికే ఉచిత సొమ్ము. వచ్చే ఏడాది కట్టె ఆ ఎండలకు ఎండేట్టు వేసవి మొదట్లోనే కొట్టించుకోండి.

పత్తికట్టె ఎండుగా ఉంటుంది, వేడి కూడా బాగానే ఇస్తుంది, కానీ సన్నగా ఉండి భగ్గుమని మండి తొందరగా అయిపోతుంది. విడివిడిగా పెడితే నిమిషానికోసారి పొయ్యి దగ్గరికి రావాలి, ఎగదోసిన ప్రతిసారీ చల్లగాలి లోపలికి పోతుంది. పిడికెడు లావు కట్టలుగా బిగించి కట్టి, ఒక తుమ్మ ముక్కతో జత చేసి పెట్టండి. పొయ్యి నోటిని మొత్తం కట్టెతో నింపకండి, మూడింట ఒక వంతు గాలికి వదలండి. ఒక వ్యవసాయం మాట కూడా చెప్పాలి. పత్తి మోళ్లలో, ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది. పత్తికట్టె కుప్పలు ఇంటి దగ్గర, చేను గట్ల మీద వచ్చే పంట దాకా ఉంచితే అక్కడి నుంచే మళ్లీ పత్తికి ఎగురుతుంది. పొయ్యిలో పెట్టేదేదో వేసవి లోపే కాల్చేయండి.

మట్టి పని అంతటికీ నల్లరేగడి వాడొద్దు, తడికి ఉబ్బి ఎండకు ముడుచుకుని బీటలు పోతుంది. పుట్టమన్ను మూడు పాళ్లు, జల్లెడ పట్టిన సన్న ఇసుక ఒక పాలు, వరి ఊక ఒక పాలు, పట్టు కోసం కొంచెం పెండ కలిపి, ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు కాళ్లతో బాగా తొక్కాలి. ముద్ద చేసి రెండు చేతుల మధ్య నొక్కితే అంచులు చీలకూడదు. పాత పొయ్యి గోడ మీద నీళ్లు చల్లి, గీతలు గీసి, ఆ తర్వాతే కొత్త మట్టి మెత్తండి, పొడి గోడకు మెత్తింది నెలలోపే పెచ్చులుగా రాలుతుంది. గట్టిగా ఉంటుందని సిమెంటు కలిపే అలవాటు ఒకటి వచ్చింది. మంట తగిలే చోట సిమెంటు పనికిరాదు, వేడికి లోపలి తేమ పోయి పొడిబారి పగులుతుంది. పని అయ్యాక మూడు, నాలుగు రోజులు నీడకు ఆరనిచ్చి, తర్వాత రెండు పూటలు చిన్న మంటలు పెట్టి, అప్పుడు పెద్ద కాగు ఎక్కించండి.

మీ ఆయన ఆలోచనలకు కూడా జవాబు చెప్పాలి. గొట్టం కప్పు మీద రెండడుగులు పైకి ఉండి, పక్కన దానికంటే ఎత్తైన గోడ కొత్తగా లేవకపోతే పొడుగు పెంచొద్దు. దిమ్మె లేని పొయ్యికి గొట్టం పెంచితే లాగుడు పెరిగి, వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. పక్కింటివాళ్లు మేడ వేసి ఉంటే, గాలి ఆ గోడకు తగిలి కిందికి తన్ని పొగ వెనక్కి వస్తుంటే, అప్పుడు పెంచడం సబబు. ఊదే ఫ్యాను గొట్టం పొయ్యికి పెడితే లోపల ఒత్తిడి పెరిగి ప్రతి సందులోంచీ పొగ బయటికి తోస్తుంది. ఆ డబ్బులు జాలికి పెట్టండి.

అన్నీ ఒకే రోజు చేయకండి, దేనివల్ల ఎంత బాగైందో తెలియదు. మొదట గొట్టం, ఆ తర్వాత దిమ్మె, కాగు కుదురు ఒకసారే మట్టి కలిపి, మట్టి ఆరాక జాలి. ప్రతి దాని తర్వాత ఒకే పరీక్ష చేయండి. ముందు కాగులో పది లీటర్లు, వెనక గిన్నెలో అయిదు లీటర్లు పోసి మూతలు పెట్టి, తూకం వేసిన ఎండు కట్టెతో ముందుది మసిలే దాకా మండించండి. లెక్క ఇలా ఉంటుంది. పది లీటర్లను 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 750 కిలోకేలరీలు కావాలి. ఎండు కట్టె కిలోకు దాదాపు 3,600 కిలోకేలరీలు ఇస్తుంది. మంచి మట్టి పొయ్యిలో దానిలో ఏడో వంతు ముందు కాగుకు చేరుతుంది. ఆ లెక్కన కిలోన్నర కట్టెకు అటూ ఇటూగా ముందు కాగు మసలాలి, అప్పటికి వెనక నీళ్లలో వేలు ముంచి ఉంచలేనంత వేడి ఉండాలి. మొదటి పరీక్ష ఏమీ మార్చకముందే చేసి, సమయం, కట్టె బరువు గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి.

అన్నీ అయ్యాక కూడా రెండున్నర కిలోలు దాటి పోతుంటే, జాలి నుంచి కాగు అడుగుకు ఉన్న దూరం, పొయ్యి నోటి వెడల్పు ఎత్తు, దిమ్మె మీద నలిగిన మట్టి బిళ్ల మందం, కప్పు పైన గొట్టం పొడవు కొలిచి మళ్లీ రాయండి.